మేమంటే ఎంతమంది

చలికాలం పొద్దున్న ఆ ఇంట్లోంచి ఇద్దరు మగాళ్లు గడప దాటడమంటే చిన్న దండయాత్రే. ఆ ఇద్దరిలో ఒకడికి ఆరున్నరేళ్లు. ఒక మేజోడు దొరికితే రెండోది దొరకదు. టోపీ పెట్టగానే చెవి దురద పుడుతుంది. స్వెట్టరు మీద కోటు తొడిగి, మెడకి మఫ్లరు చుట్టి, గుండీలన్నీ పెట్టి బస్తాలా నిలబెట్టాక, అప్పుడు తీరిగ్గా "అమ్మా, పాస్" అంటాడు. రెండోవాడు, అంటే వాడి నాన్న, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, తనకేమీ పట్టనట్టు గడియారం వంక చూస్తుంటాడు.

నాన్న హీటర్ల మెకానిక్కు. చలికాలమంతా అతనికి ఊపిరి సలపదు. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ వెచ్చబెట్టి, చీకటి పడ్డాక చేతులు కొంకర్లు పోయి ఇల్లు చేరతాడు. దారిలో కొడుకుని బడి దగ్గర ఎక్కించుకుని వస్తాడు. అమ్మ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. దుకాణంవాళ్లు చలికోట్లు కట్టలు కట్టలుగా పంపిస్తారు. ఒకదానికి జిప్పు మార్చాలి, ఒకదానికి అస్తరు చిరిగింది, ఇంకొకదానికి చేతులు కురచ చెయ్యాలి. "మా ఆవిడకేంటండీ, కోట్లలో మునిగి తేలుతోంది" అని నాన్న కనబడ్డవాళ్లందరికీ చెబుతాడు. మొదటిసారి అందరూ నవ్వారు. ఎనిమిదేళ్లయినా అతను మాత్రం ఆపలేదు.

ఆరున్నరేళ్లవాణ్ణి ఇంట్లో హెడ్మాస్టరు అంటారు. ఎవరు ఏ మాట తప్పు పలికినా వాడికి ముద్ద దిగదు, సరిదిద్దాల్సిందే. వాడి చెల్లెలికి మూడున్నర. దాన్ని పిచ్చుక అంటారు. తినేది గింజంత, వాగేది ఇల్లంత. వచ్చే ఏడు బళ్లో వేద్దామనుకున్నారు. అంతవరకూ పగలంతా అమ్మకీ పిచ్చుకకీ ఒకరికొకరే దిక్కు.

దిక్కనడం మాటవరసకే. ముందుగదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని, ఆ కాస్త వెలుతురూ ఉండగానే అమ్మ పని తెమల్చుకోవాలి. నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది. పిచ్చుక వచ్చి మోకాలి మీద గడ్డం ఆనిస్తే "ఉండమ్మా, ఈ ఒక్కటీ అయిపోనీ" అంటుంది. ఆ ఒక్కటీ అయ్యాక ఇంకొక్కటి. పిల్ల విని విని, అడగడం మానేసింది. వెనకగదిలో అడ్డంగా కట్టిన కడ్డీకి కోట్లు వేలాడుతుంటాయి. వాటి కింద దూరి, అంచులు గుడారంలా దించుకుని గంటలకొద్దీ ఆడుకునేది. పిల్ల బుద్ధిమంతురాలని అమ్మ మురిసిపోయింది కూడా.

ఒక మంగళవారం మధ్యాహ్నం మిషను ఆపి, దారం మారుస్తూ అమ్మ కేకేసింది.

"ఏం చేస్తున్నావే పిచ్చుకా?"

"మేము ఆడుకుంటున్నాం."

అమ్మకి నవ్వొచ్చింది. సాయంత్రం అదే మాట నాన్నకి చెప్పింది. అతను పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని "మేమంటే ఎంతమందే?" అన్నాడు. పిచ్చుక రెండు వేళ్లు చూపించింది. తర్వాత ఏం గుర్తొచ్చిందో, రెండో వేలు మెల్లిగా మడిచి గుప్పిట్లో దాచేసుకుంది.

హెడ్మాస్టరుకి ఇది సహించే విషయం కాదు. బల్ల మీద మూడు చెంచాలు పెట్టాడు.

"ఇది నువ్వు, ఇది నేను, ఇది అమ్మ. నువ్వొక్కదానివే ఆడుకుంటే 'నేను ఆడుకున్నా' అనాలి. నువ్వూ నేనూ ఆడుకుని అమ్మకి చెప్పావనుకో, 'మేము ఆడుకున్నాం'. అమ్మ కూడా ఆడిందనుకో, అప్పుడు 'మనం ఆడుకున్నాం'. మేము అంటే ఎవరికి చెబుతున్నామో వాళ్లు లేరని. మనం అంటే వాళ్లు కూడా ఉన్నారని. తెలిసిందా?"

"తెలిసింది," అంది పిచ్చుక.

వాడు చెప్పింది పెద్దవాళ్లు కూడా ఎప్పుడూ ఆలోచించని సంగతి. మనం అంటే తలుపు తీసి లోపలికి రమ్మన్నట్టు. మేము అంటే నవ్వుతూనే తలుపు వేసినట్టు. రోజుకి వందసార్లు తీస్తాం, వేస్తాం, ఆ చప్పుడు మాత్రం మన చెవిన పడదు. అమ్మకి ఆ రోజు నుంచి పడసాగింది.

ఎందుకంటే పిచ్చుక ఆ పాఠం ఒక్కసారికే పట్టేసింది. అన్నయ్యతో కలిసి పళ్లు తోముకుంటే అమ్మ దగ్గరికొచ్చి "మేము తోముకున్నాం" అనేది. అమ్మతో కలిసి దుప్పట్లు మడతపెడితే "మనం మడతపెట్టాం" అనేది. పాలు తాగితే "నేను తాగేశా". వారం రోజుల్లో ఒక్కసారీ తప్పలేదు. వెనకగదిలోంచి మాత్రం ఎప్పుడడిగినా "మేము" అనే వచ్చేది.

రొట్టెముక్క ఇస్తే రెండు చేసి, ఒకటి తిని, ఒకటి పట్టుకెళ్లి కోట్ల కింద పెట్టేది. సాయంత్రానికి ఆ ముక్క అక్కడే ఉండేది, కాకపోతే రాయిలా గట్టిపడి, అంచుల్లో తెల్లగా మంచు పట్టి ఉండేది.

"ఎవరే అక్కడ?" అనడిగింది అమ్మ, మామూలుగా అడిగినట్టే.

"అది."

"దాని పేరేంటి?"

పిచ్చుక కోట్ల వైపు తిరిగి, ఎవరినో అడిగి జవాబు కోసం ఆగినట్టుగా కాసేపు ఆగింది. "పేరు లేదంట. ఎవరూ పెట్టలేదంట."

"అదేమంటుంది?"

"చలేస్తోందంటుంది."

నిజం చెప్పాలంటే ఆ పూట అమ్మకి భయంకన్నా ముందు కష్టం తోచింది. కడుపున పుట్టిన పిల్ల తన మొహం మీదే మేము అంటోంది, తను పరాయిదైనట్టు. ఎవరూ లేనిచోట ఎవరినో కల్పించుకుందంటే దాని ఒంటరితనం ఎంతదో. ఇన్నాళ్లూ 'ఉండమ్మా' అన్నది తనే కదా. ఆ రాత్రి పిల్లని పక్కలో వేసుకుంటే పాదాలు మంచుగడ్డల్లా తగిలాయి. తన అరికాళ్ల మధ్య పెట్టుకుని చాలాసేపు రుద్దింది.

నాన్న ఆదివారం వెనకగది హీటరు విప్పాడు. గొట్టాలన్నీ తడిమాడు, మీటరు పెట్టి చూశాడు, చేతులు తుడుచుకున్నాడు.

"హీటరు లక్షణంగా ఉంది. గదే వేడెక్కట్లేదు."

"అంటే ఏంటి?"

"అదే నాకూ అర్థం కాలేదు. పదిహేనేళ్లలో ఇలాంటిది చూడలేదు," అని, ఎవరికో పని ఒప్పుకున్నానంటూ వెళ్లిపోయాడు. నచ్చని సంగతి ఎదురైతే మగాళ్లకి బయట పని తగలడం కొత్తేమీ కాదు.

బుధవారం మూడు గంటలవేళ అమ్మ పాలగ్లాసు పట్టుకుని వెనకగదిలోకి వెళ్లింది. కిటికీ అవతల మంచు తెల్లగా కమ్మి ఎదురింటి గోడ కూడా కనిపించడం లేదు. కోట్ల కింద పిచ్చుక మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆ చలికి దాని నోట్లోంచి ఆవిరి చిన్న చిన్న మబ్బుల్లా వస్తోంది. అమ్మ పిలవబోయి ఆగిపోయింది. పిల్ల మొహానికి జానెడు దూరంలో, కాస్త కిందుగా, ఇంకో మబ్బు పుట్టి విడిపోయింది. అక్కడెవరూ లేరు. గచ్చు ఉంది, గోడ ఉంది. పిచ్చుక రెండుసార్లు ఊపిరి తీసుకునే లోపల అక్కడ ఒక్కసారి ఆవిరి లేచింది. నెమ్మదిగా, వరస తప్పకుండా.

అమ్మ గ్లాసు కింద పెట్టింది. పిల్లని రెండు చేతుల్తో లాగి చంకనేసుకుని బయటికొచ్చి తలుపు గడియ పెట్టింది. కోట్లన్నీ తర్వాత ఒక్కొక్కటే, చెయ్యి మాత్రం లోపలికి పెట్టి, ముందుగదిలోకి చేరవేసింది. నాన్నకి చెబితే అతను నవ్వలేదు గానీ, నమ్మనూ లేదు. "నీకు నిద్ర చాలట్లేదు," అన్నాడు, ప్రేమగానే.

గడియ పెట్టినందువల్ల ఒరిగిందేమీ లేదు. పిచ్చుక ఆ తలుపు దగ్గరే కూర్చుని కింద సందులో నోరు పెట్టి గుసగుసలాడేది. తిండి మానేసింది. బుగ్గలు పాలిపోయాయి. వాగుడుకాయ కాస్తా ఉలుకూ పలుకూ లేకుండా తయారైంది. డాక్టరు గొంతు చూసి, చెవులు చూసి, గుండె విని, "ఏమీ లేదమ్మా, చలికి కొంతమంది పిల్లలు ఇలాగే ఉంటారు" అని ఒక సిరప్పు రాసిచ్చాడు.

ఆ పైవారం శుక్రవారం జడ వేస్తుంటే పిచ్చుక తనంతట తనే చెప్పింది.

"అమ్మా, మంచు బాగా పడ్డ రోజు మేము వెళ్లిపోతాం."

దువ్వెన ఆగిపోయింది. "ఎక్కడికి?"

"దానింటికి. చాలా దూరమంట."

"నేనూ వస్తా."

"నువ్వు రాకూడదు. మేమే." పిచ్చుక జాలిగా అమ్మ చెయ్యి నిమిరింది. దాని వేళ్లు నీళ్లలో నానినట్టు చల్లగా, మెత్తగా ఉన్నాయి.

అమ్మ ఆ వేళ్లని గుప్పిట్లో పెట్టుకుంది. పిల్ల చేజారిపోతోంది. ఎత్తుకెళ్లేవాడు కనబడితే గొంతు పట్టుకునేది, రోగమైతే మందు పోసేది. ఇక్కడ చేతికి అందేది ఆ ఒక్క మాటే. ఆ మాటలో తనకి చోటు లేదు, అందుకే పిల్ల అటు జరిగిపోతోంది, అనిపించింది ఆమెకి. మునిగిపోయేవాళ్లకి గడ్డిపరక కూడా ఆధారమే. ఆ సాయంత్రం నలుగురూ కూర్చున్నప్పుడు గట్టిగా చెప్పేసింది.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో పిచ్చుక మేము అనకూడదు. ఏం చెప్పినా, ఎవరి గురించి చెప్పినా, నాతో మనం అనే అనాలి. అంటావా అమ్మా?"

"అంటాను."

హెడ్మాస్టరు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "అది తప్పమ్మా."

"తప్పయినా పర్లేదు."

"అలా కాదు. మనం అంటే నువ్వు కూడా అందులో ఉన్నట్టు."

"ఉంటాను. అదే నాక్కావాలి," అంది అమ్మ. వాడు తండ్రి వైపు చూశాడు. నాన్న భుజాలెగరేసి గుడ్డు ఒలుచుకున్నాడు.

మాట పనిచేసింది. శనివారానికి పిచ్చుక రెండు గ్లాసుల పాలు తాగింది. ఆదివారం అన్నయ్యతో పోట్లాడి వాణ్ణి కొరికింది. దాని పాదాలు వెచ్చగా తగిలితే, ఆ రాత్రి అమ్మ ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయింది. తలుపు సందు దగ్గర కూర్చోవడం మానేసి, పిల్ల ఇప్పుడు మిషను పక్కనే ఆడుకునేది. "మనం బొమ్మకి కోటు కుట్టాం." "మనం కిటికీలోంచి చూశాం." అమ్మ ప్రతిసారీ "అవును, మనమే" అనేది. ఆ సంతోషంలో ఆమెకి ఇంకేమీ పట్టలేదు.

సోమవారం నాటికి మంచు మునుపెన్నడూ లేనంతగా కమ్మేసింది. పగలే దీపం వేసుకుని అమ్మ ఒక కోటుకి అస్తరు కుడుతోంది. మధ్యాహ్నం రెండున్నరకి సూది చేతిలోంచి జారింది. తీసి పట్టుకుంటే మళ్లీ జారింది. అప్పుడు చూసుకుంది, వేళ్లు గోళ్ల దగ్గర నీలంగా ఉన్నాయి. హీటరు మీద చెయ్యి పెడితే కాలుతున్నట్టు ఎర్రబడింది గానీ వేడి తెలియలేదు. ఎడమ మోకాలి మీద పిచ్చుక ఎప్పట్లా గడ్డం ఆనించి ఉంది. కుడి మోకాలి మీద కూడా అలాంటి బరువే ఉంది. అంతే బరువు, అదే తీరు.

"అమ్మా, మనకి చలేస్తోంది," అంది పిచ్చుక.

అమ్మ కుడివైపు చూడలేదు. "మనమంటే ఎవరమ్మా?"

"నువ్వు, నేను, అది. నువ్వే కదా అలా అనమన్నావు." పిల్ల గొంతులో వంచన ఏమీ లేదు, చెప్పినట్టు చేసిన పిల్ల గర్వమే ఉంది. "ఇవాళ మంచు బాగా పడింది. మనం వెళ్దాం పద."

గుమ్మం అవతల నిలబడి తలుపు తట్టేవాళ్లకి లోపల్నించి గడియ తీసిచ్చింది తనేనని అమ్మకి అప్పుడు తెలిసింది. హెడ్మాస్టరు చెప్పనే చెప్పాడు. ఆరున్నరేళ్ల పిల్లాడి మాట వినివుంటే సరిపోయేది. ఇప్పుడైనా 'వద్దు, మళ్లీ మేము అను' అని పిల్లతో అనొచ్చు. అప్పుడు ఈ చలి తన మోకాలు వదిలేస్తుంది. పిచ్చుక ఒక్కతే దాని పక్కన మిగిలిపోతుంది, వెళ్లిపోతుంది. అమ్మ ఎక్కువసేపు ఆలోచించలేదు. బిడ్డ అటుంటే తను ఇటుండేదేముంది.

"ఎక్కడికీ వద్దు. మనం ఇక్కడే ఉందాం," అంది. నోట్లోంచి ఆవిరి లేచింది. పక్కన పిచ్చుకది లేచింది. కుడి మోకాలి దగ్గర, నెమ్మదిగా, మూడోది లేచింది.

పిచ్చుక అటు తిరిగి విని, తల ఊపింది. "సరేనంట. నువ్వుంటే వెళ్లక్కర్లేదంట."

అమ్మ గుండెలోంచి ఇంత బరువు దిగింది. పిల్ల ఎక్కడికీ పోదు. పిల్ల దక్కింది. ఆ చలిలోనే, ఆ నీలి వేళ్లతోనే, పిచ్చుకని దగ్గరికి లాక్కుని తల మీద ముద్దు పెట్టుకుంది.

"నాన్ననీ అన్నయ్యనీ కూడా కలుపుకుందామంటోంది," అంది పిచ్చుక ఒళ్లోంచి. "ఎంతమందైతే అంత బాగుంటుందంట. నువ్వు వాళ్లతో ఒక్కసారి మనం అంటే చాలంట."

"వాళ్లొద్దు," అంది అమ్మ. ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు. "వాళ్లు వాళ్లే. వాళ్లని వదిలెయ్యి. నేనుంటాను."

ఐదున్నరకి కింద బండి ఆగింది. మెట్ల మీద నాలుగు కాళ్ల చప్పుడు, తలుపు మీద తట్టడం. "తియ్యవోయ్, మేం గడ్డకట్టుకుపోతున్నాం" అన్నాడు నాన్న. లోపలికొచ్చి, అలవాటుగా వెనకగది గడియ తీసి చెయ్యి పెట్టి చూశాడు. అతని మొహం విప్పారింది. "చూశావా, గది దానంతటదే సర్దుకుంది. ఎంత వెచ్చగా ఉందో." వచ్చి భార్య భుజం తట్టబోయి, ఆమె చెయ్యి తగిలి ఉలిక్కిపడ్డాడు. "నీ చేతులేంటి ఇలా ఉన్నాయి?"

"ఇప్పుడే అంట్లు తోమా."

అతను ఆ చేతుల్ని తన చేతుల్లో పెట్టుకుని రుద్దబోయాడు. అమ్మ విడిపించుకుంది. రుద్దనివ్వాలని ప్రాణం లాగింది, అయినా విడిపించుకుంది.

హెడ్మాస్టరు చేతులు కడుక్కొచ్చి తనే నాలుగు కంచాలు పెట్టాడు. వాడికి ఆ రోజు బళ్లో ఏదో జరిగింది, చెప్పాలని పొంగిపోతున్నాడు. నాన్నని కూర్చోబెట్టి, పక్క కుర్చీ లాగి దాని మీద అరచేత్తో తట్టాడు.

"అమ్మా, రా. మనం తిందాం."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. తల్లికి ఆ మాటకన్నా తేలికైన మాట లేదు, కొడుకు రమ్మంటే దానంతటదే వస్తుంది. అమ్మ పళ్లు బిగబట్టి దాన్ని మింగింది. తన కొంగు పట్టుకుని పిచ్చుక నిలబడి ఉంది. రెండోవైపు కూడా కొంగు కిందికి లాగుతోంది.

"మీరు తినండి కన్నా. మేం తర్వాత తింటాం."

వాడు చెయ్యి కుర్చీ మీంచి తీయలేదు. "మేమంటే, నువ్వూ చెల్లీనా?"

"ఊఁ."

"మరి నేను?"

"నువ్వూ నాన్నా."

"అంటే, మనం కాదా?"

నాన్న తలెత్తి చూశాడు. అమ్మ పొయ్యి వైపు తిరిగింది. వాడి మొహం చూస్తూ ఆ మాట అనడం ఆమె వల్ల కాదు. "కాదు," అంది.

హెడ్మాస్టరు వాక్యంలో తప్పెక్కడుందా అని వెతుక్కుంటున్నట్టున్నాడు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. అమ్మ చెప్పింది చెప్పినట్టు సరిగ్గానే ఉంది. తన కంచం లాక్కుని, కుర్చీ నాన్నవైపు జరుపుకున్నాడు.

"సరే," అన్నాడు, ఆమె వీపుతో. "మేం తింటాం."

ఆ మాట ఎలా తగులుతుందో అమ్మకి బాగా తెలుసు. వాడు వెచ్చగా ఉన్నాడు, వాళ్ల నాన్న మోచెయ్యి ఆనుకుని తింటున్నాడు, రేపూ అలాగే ఉంటాడు. ఇంక ఎన్ని రోజులైనా ఇదే మాట వాడితో అనిపించుకోవాలి. చప్పుడు వినబడకుండా ఏడవడానికి ఆమె కుళాయి తిప్పి, ఖాళీ గిన్నె కడగసాగింది.